చప్పిడి రేవు

ఆ కార్డు చేతికొచ్చిన దగ్గర్నుంచీ నాకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎటైనా పోవాలనిపిస్తుంది. గిన్నెలు కడుగుతూ ఉంటే చేతులు నీళ్లలోనే ఉండిపోతాయి, కుళాయి పారుతూనే ఉంటుంది, మా ఆయన వచ్చి కట్టేసి వెళతాడు. మా ఊరికి సముద్రం పగలంతా బస్సులో కూర్చుంటే గానీ రాదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లెవరూ ఉండరు. ఆ బస్సుల్ని మైకులో పిలిచేది నేనే కదా!

బస్టాండులో విచారణ కౌంటరు నాది. టింగ్-టాంగ్-టింగ్ అని గంట మోగుతుంది, వెనకాలే నా గొంతు. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది, సామాన్లు జాగ్రత్త, జేబులు జాగ్రత్త. పెళ్లికి ముందు చేరాను. ఇప్పటికీ అదే అద్దాల గది, అదే తిరుగుడు కుర్చీ. ఊరందర్నీ ఎక్కించి పంపేశాను గానీ నేను ఎక్కింది లేదు. కార్డొచ్చిన వారంలోనే ఒకరోజు, సముద్రం వైపు వెళ్లే బస్సుని పిలుస్తూ పిలుస్తూ నా ధ్యాస ఎటో పోయింది, జనాన్నంతా తప్పు ప్లాట్‌ఫారానికి తోలేశాను. ఒక పెద్దాయన సంచీతో సహా వచ్చి అద్దం మీద దబదబా బాది, "ఏమ్మా, మెలకువగానే ఉన్నావా?" అని చెడామడా తిట్టాడు. తిట్టడూ మరి!

అది స్కూబా కార్డు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ల అడుగున ఊపిరి పీలుస్తూ తిరగడం ఈవిడకి వచ్చు అని రాసిచ్చిన కార్డు. మా బస్టాండు స్తంభానికి ఎవరో ఆ నేర్పే క్లాసుల నోటీసు అంటించి పోయారు. నా అద్దాల గదికి సరిగ్గా ఎదురుగా. చదవకుండా ఎలా ఉంటాను? పొద్దస్తమానం అదే కనబడుతుంటే చివరికి ఒకరోజు లేచి వెళ్లి పీక్కొచ్చి సంచీలో వేసుకున్నాను. ఇంటికెళ్లి మా టిక్కుతో, "పద, ఇద్దరం నేర్చుకుందాం" అన్నాను.

టిక్కు నా ఆడపడుచు. ఆ పేరు ఇంట్లో పెట్టింది. పుట్టడమే గడియారాల మధ్య పుట్టింది మరి. మా మామగారు వాచీలు బాగుచేసేవారు. బస్టాండుకి ఎదురుగా, మెట్ల కింద ఉన్న ఆ బుల్లి షాపు ఇప్పుడు టిక్కుది. పెళ్లి వద్దంది, షాపు కావాలంది, అంతే. కంటికి భూతద్దం తగిలించుకుని వంగిందంటే ఇక ఉలుకూ పలుకూ ఉండదు. నేను రోజంతా మైకులో వాగి, ఇంటికొచ్చి మళ్లీ వాగేదాన్ని. అది నా వాగుడంతా విని చివర్లో ఒక్క మాట అనేది. ఇన్నేళ్లుగా మా వదినా మరదళ్ల సంసారం అలా సాగింది. మా ఆయన మధ్యలో దూరేవాడు కాదు.

మా ఆయన పెయింట్ షాపులో రంగులు కలుపుతాడు. ఉయ్యాలెక్కితే చాలు, ఆయనకి కడుపులో తిప్పేస్తుంది. స్కూబా అనగానే, "మీరిద్దరూ మునగండి, నేను ఒడ్డున కూర్చుని మీ చెప్పులకి కాపలా కాస్తా" అన్నాడు. కార్డొచ్చాక ఇంకో మాట కూడా అన్నాడు. "అటక మీద కుట్టుమిషన్ పక్కన, హార్మోనియం పెట్టెకి ఇవతల కాస్త చోటుంది. ఈ కార్డు అక్కడే పెట్టమంటావా?"

నవ్వుతూనే అన్నాడనుకోండి. కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం కాబట్టే ఎక్కింది. మొదలుపెట్టినవన్నీ అటక మీదే ఉన్నాయి నావి. వానలు పడితే సముద్రంలోకి ఎవర్నీ దిగనివ్వరు. ఈలోపు వెళ్లకపోతే మళ్లీ వెళ్లనని నాకు తెలుసు, కార్డు అటకెక్కుతుందని తెలుసు. నా బతుక్కి ఇదొక్కటైనా సముద్రందాకా చేరాలని నాకు ఎంత ఉందో ఎవరికి చెప్పను! పైగా ఒంటరిగా దిగడానికి లేదు. ఎవరైనా సరే జోడీగానే దిగాలి, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి. నా జోడీ టిక్కు. అది రానంటే నా కార్డుకి విలువ లేదు.

మాకు నేర్పినాయన్ని మేం నిదానం మాస్టారు అంటాం. నీళ్లలోకి దిగేముందు నిదానం, దిగాక నిదానం, బయటికొచ్చాక నిదానం. నాలాంటిదానికి ఆయన దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. మొదట స్విమ్మింగ్ పూల్‌లో, తర్వాత ఊరి బయట రాయి తవ్వేసి వదిలేసిన క్వారీ గుంటలో నేర్పాడు. అయినా మంచివాడు. కార్డులిచ్చిన రోజు పూల్ గట్టు మీద కూర్చోబెట్టి, తడి వేలితో సిమెంటు మీద తీరం గీసి, కొత్తవాళ్లు దిగదగ్గ చోట్లు మూడు చూపించాడు. ఆయన మూడోది చూపించేలోపు మొదటిది ఎండిపోయింది.

ఆ చోట్లకి పేర్లు నేనే పెట్టాను. మొదటిది ఓడ. ఎప్పుడో మునిగిపోయిన సరుకుల ఓడ అక్కడ నిలువునా కూర్చుని ఉందట, పడవలో వెళ్లి తాడు పట్టుకుని దిగాలట, మా కార్డుకి ఎంత లోతు ఒప్పుకుంటారో సరిగ్గా అంత లోతులో దాని పైకప్పు దొరుకుతుందట. రెండోది తోట. పగడాలు, రంగురంగుల చేపలు, నీళ్లు తేటగా అద్దం తుడిచినట్టుంటాయట. మూడోది ఒక అఖాతం. ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగిపోవచ్చు. మోకాలు, నడుము, మెడ, ఆపైన మునక. అడుగున ఇసుక, అక్కడక్కడా గడ్డి. అంతే. దానికి చప్పిడి రేవు అని పేరు పెట్టాను.

"ఓడ!" అన్నాను నేను, మాస్టారు నోరు మూసేలోపే.

 టిక్కు సిమెంటు మీద ఆరిపోతున్న మూడో గీత వైపే చూస్తోంది. మాస్టారు దాని వైపు ఒకసారి చూసి, "నిదానంగా మాట్లాడుకోండమ్మా, ఇద్దరూ. అన్నీ మాట్లాడుకోండి" అన్నాడు. ఆ 'అన్నీ' ఎందుకన్నాడో నేను పట్టించుకోలేదు. అప్పటికే నా మనసు ఓడెక్కేసింది.

మర్నాడే ఇంట్లో మొదలుపెట్టాను. సెలవు ఎప్పుడు పెట్టాలి, ఏ బస్సు, పడవవాళ్ల ఫోన్ నంబరు, అన్నీ వరసగా చెప్పుకుపోతున్నాను. టిక్కు అన్నం కలుపుకుంటూ, "ఓడ వద్దు వదినా" అంది.

"ఎందుకొద్దు?"

"లోతు."

"లోతు కాకపోతే మెట్టనేల మీద ఉంటుందా ఓడ? మాస్టారే చెప్పాడు కదే మన కార్డుకి పరవాలేదని!"

"వద్దు."

సరే, దానికి భయమేమో అనుకున్నాను. భయపడే మనిషి కాదు గానీ, సముద్రం కదా, ఎవరికైనా ఉంటుంది. రెండ్రోజులు నన్ను నేనే బుజ్జగించుకుని ఓడని మనసులోంచి దింపాను. దింపడానికి ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికే తెలుసు. మూడో రోజు వెళ్లి, "పోనీలే, తోటకి పోదాం. లోతు లేదు, భయం లేదు, చూసినంత చూడొచ్చు" అన్నాను.

టిక్కు మొహం అదోలా అయింది. "అక్కడ చూడాల్సినవి మరీ ఎక్కువ వదినా" అంది.

మీరే చెప్పండి, ఇది వినగానే ఎవరికైనా ఒళ్లు మండదా? సముద్రంలోకి దిగేది ఎందుకు, కళ్లు మూసుకుని రావడానికా? "చూడాల్సినవి ఎక్కువైతే ఏమే? కళ్లు అరిగిపోతాయా?"

"చప్పిడి రేవుకి వెళదాం."

"ఇసుక చూడ్డానికా? ఇసుక కావాలంటే మన వీధి చివర ఇల్లు కడుతున్నారు, లారీడు పోశారు, వెళ్లి దాంట్లో దూరు!"

అది నీళ్లు నమిలింది. ఏదో చెప్పబోయి ఆగింది. నాకు ఆగడం ఎక్కడొచ్చు? ఒంటికాలి మీద లేచాను. రావాలని లేకపోతే మొదట్లోనే చెప్పొచ్చుగా అన్నాను. నేనేదైనా ఒక పని పూర్తి చేస్తే నీకూ మీ అన్నయ్యకీ కంటగింపు అన్నాను. ఆడపడుచు బుద్ధి ఇన్నాళ్లకి చూపించావు అని కూడా అనేశాను.  మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అంత మాట ఎందుకే" అన్నాడు. టిక్కు కంచం తీసుకెళ్లి కడిగేసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మాటల్లేవు. నేను మొహం గంటు పెట్టుకునే తిరిగాను గానీ లోపల కుదురుగా ఉంటే కదా! మైకు ముందు కూర్చుంటే ఎదురుగా రోడ్డు అవతల దాని షాపు కనబడుతుంది. అది వంచిన తల ఎత్తదు. నేను గంట నొక్కుతాను, బస్సుని పిలుస్తాను, మళ్లీ అటే చూస్తాను. వాన మబ్బులు అప్పుడప్పుడే వస్తున్నాయి. ప్రతి మబ్బుకీ నాకు అటక గుర్తొస్తోంది. మాస్టారుకి ఫోన్ చేసి, "నాకు వేరే జోడీని చూసిపెట్టండి" అన్నాను చివరికి. ఆయన ఒప్పుకోలేదు. "మీ మరదలితో ఒక్కసారి కూర్చోండమ్మా, నిదానంగా" అన్నాడు. ఫోన్ విసిరేద్దామనిపించింది.

మధ్యాహ్నం బస్సులు పలచబడ్డాక వెళ్లాను షాపుకి. ఊరికే వెళ్తే పరువు పోదూ? వాచీ ఆగిపోయిందని వంక పెట్టుకున్నాను. ఆగిపోయిన మాట నిజమే. రోడ్డు దాటేటప్పుడు కీ బయటికి లాగి నేనే ఆపాను.

టిక్కు భూతద్దంలోంచి నా వైపు కూడా చూడకుండా, "కీ లోపలికి నొక్కు వదినా, నడుస్తుంది" అంది.

నొక్కాను. నడిచింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ లేచి వెళ్లబుద్ధి కాలేదు. బల్ల ఇవతల స్టూలు మీద కూలబడ్డాను. అది ఎవరిదో ఆడవాళ్ల వాచీ విప్పి పెట్టుకుంది, గోరంత కూడా లేదు. పట్టకారుతో వెంట్రుకంత సన్నటి స్ప్రింగుని పట్టుకుని దాని గూట్లో కూర్చోబెడుతోంది. మోచేతి పక్కన ఎప్పటిలాగే ఆ ఈక ఉంది. కోడిపిల్ల ఒంటి మీద ఉండే దూది లాంటి ఈక. మా మామగారి రోజుల నుంచీ ఆ బల్ల మీద అలాంటి ఈక ఒకటి ఉంటూనే ఉంది. అలంకారం అనుకునేదాన్ని.

"చూడు టిక్కూ, నేనేదో నోరు జారాను" అని మొదలుపెట్టాను. జవాబు లేదు. "నీకు రావాలని ఉందో లేదో అదొక్కటి చెప్పు చాలు" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు నాకేం తోచక ఆ ఈక వైపు చూశాను. ఈక కదలడం లేదు. దానికి బెత్తెడు దూరంలో టిక్కు మొహం ఉంది, ముక్కు ఉంది, నోరు ఉంది, అయినా ఈక కదలడం లేదు. దాని భుజాల వైపు చూశాను. మెడ కింద చూశాను. ఎక్కడా కదలిక లేదు. నాకు తెలియకుండానే నేనూ బిగబట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నా వల్ల కాక హా అని వదిలేస్తే ఈక ఎగిరిపోయి నేల మీద పడింది. టిక్కు ఇంకా పీల్చలేదు. స్ప్రింగు గూట్లో కూర్చున్నాకే, పట్టకారు కింద పెట్టాకే, దాని ఛాతీ మెల్లగా లేచింది.

నా గుండె గుభేలుమంది.

ఎందుకంటే స్కూబాలో మొదటి రోజు, మొదటి మాట, నిదానం మాస్టారు చెప్పింది ఒకటే. ఏం మర్చిపోయినా పరవాలేదు, నీళ్లలో ఊపిరి మాత్రం బిగబట్టకండి. పీలుస్తూనే ఉండాలి, వదులుతూనే ఉండాలి. లోపల గాలి బిగబట్టుకుని కాస్త పైకి తేలారంటే, ఆ గాలి ఉబ్బుతుంది. పోయే దారి లేకపోతే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. నవ్వుతూ నేర్పే మనిషి ఆ మాట నవ్వకుండా చెప్పాడు.

క్వారీ గుంట గుర్తొచ్చింది. ఆఖరి రోజు, అడుగున పాత రాళ్ల మిషన్‌ది పళ్ల చక్రం ఒకటి తుప్పుపట్టి పడి ఉంది. టిక్కు దాని ముందు బోర్లా ఆగిపోయింది. నేను ముందుకెళ్లిపోయి వెనక్కి తిరిగేసరికి అది మెల్లగా పైకి తేలుతోంది, నోటి దగ్గర బుడగల్లేవు. మాస్టారు ఇనప కడ్డీతో తన సిలిండర్ మీద ఠంగ్ ఠంగ్ అని కొట్టి, చటుక్కున వెళ్లి దాని పట్టీ పట్టుకున్నాడు. వెనకబడ్డందుకు తిడుతున్నాడనుకున్నాను నేను.

"టిక్కూ, క్వారీలో ఆ చక్రం దగ్గర..." అన్నాను. 

అది భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. దాని కళ్లలో నీళ్లు చూడ్డం నాకు అదే మొదలు, మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు. "నాన్న ఈక పెట్టి నేర్పాడు వదినా. అది కదిలితే పని రానట్టే. ఊపిరి తగిలితే స్ప్రింగు వంకరపోతుంది, స్క్రూ ఎగిరిపోతుంది. అన్నయ్య తుమ్మి ఆ పనిలోంచి బయటపడ్డాడు. నేను నేర్చేసుకున్నాను. ఇప్పుడు ఆపుతున్నానని నాకే తెలీదు. ఏదైనా చిన్నది, బాగున్నది కనబడితే అదే ఆగిపోతుంది."

"మరి నాకెందుకు చెప్పలేదే, పిచ్చి మొహమా!"

"చెబితే నువ్వు మానేస్తావు. నా కోసం అటకెక్కించేస్తావు. లేదా వేరే జోడీని వెతుక్కుంటావు." ముక్కు తుడుచుకుంది. "నాకూ వెళ్లాలనుంది వదినా. నీకంటే ఎక్కువే ఉంది. అంత దూరం వెళ్లేది చూడ్డానికే కదా. చూస్తేనేమో నాకు ఊపిరి ఆగిపోతుంది. అందుకే చూడ్డానికేమీ లేని చోటు అడిగాను."

 ఫోన్లో వేరే జోడీని అడిగిన సంగతి గుర్తొచ్చి నన్ను నేనే తన్నుకోవాలనిపించింది. లేచి బల్ల అవతలికి వెళ్లి దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఎదురుగా బస్టాండులో నా కుర్చీ ఖాళీగా కనబడుతోంది, ఎవరో అద్దం మీద బాదుతున్నారు. బాదుకోనీ అనుకున్నాను.

సాయంత్రం ఇద్దరం మాస్టారు దగ్గరికి వెళ్లాం. "మానేద్దాం మాస్టారూ, దీనికేమైనా అయితే నేను బతకను" అన్నాను. "నేను మానను" అంది టిక్కు. మాస్టారు ఇద్దరి మాటా విన్నాడు. "జోడీకి చెప్పకుండా సముద్రంలోకి దిగనివ్వనని ఈమెకి ఆ రోజే చెప్పాను. మీరు చెప్పకపోతే ఈ వారం నేనే చెప్పేవాణ్ని" అన్నాడు. లోతు తక్కువని చప్పిడి రేవులో ధీమా పనికిరాదన్నాడు, లోపలి గాలి ఎక్కువగా ఉబ్బేది పైకి తేలేటప్పుడు ఆఖరి నాలుగు బారల్లోనేనట. కాకపోతే అక్కడ నేల ఒడ్డుదాకా వాలుగా వస్తుంది కాబట్టి ఇసుక పట్టుకుని పాక్కుంటూ పైకి రావచ్చు, ఎక్కడా గాల్లో వేలాడినట్టు ఉండదు. "ఇంకొకటి. కూనిరాగం తీస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టలేరు. నోట్లో గొట్టం ఉన్నా రాగం తీయొచ్చు. నీళ్లలో పక్కవాళ్లకి వినబడుతుంది కూడా. అది నేర్చుకోండి. నేర్చుకుంటే నేనూ వస్తాను."

వినడానికి ఎంత సులువు! మా మామగారింట్లో ఎవరూ కూనిరాగం తీసి ఎరగరు. స్క్రూలు ఎగిరిపోతాయని గట్టిగా నవ్వేవాళ్లు కూడా కాదట. టిక్కుకి ఒక్క పాట కూడా రాదు. షాపులో కూర్చోబెట్టి, పనికిరాని పాత వాచీ ఒకటి విప్పించి, "చూస్తూ రాగం తియ్యి" అన్నాను. చూస్తే రాగం ఆగిపోతుంది. రాగం తీస్తే ఈక ఎగిరిపోతుంది. ఒకసారి ఊఁ అని గట్టిగా అనేసరికి స్క్రూలన్నీ చెల్లాచెదురై, ఇద్దరం అయస్కాంతం పట్టుకుని బల్ల కింద మోకాళ్ల మీద పాకాం. అప్పుడే మా ఆయన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చి, మా ఇద్దరి వెనక భాగాలూ చూసి, "ఇదేనా స్కూబా? ఇంట్లోనే చెయ్యొచ్చుగా" అన్నాడు.

"ఏదో ఒక రాగం వచ్చి తీరాలే నీకు. రోజూ వినేది ఏదైనా లేదా?" అన్నాను విసుగెత్తి.

అది కాసేపు ఆలోచించింది. తర్వాత ముక్కుతో సన్నగా, టింగ్-టాంగ్-టింగ్ అంది. మా బస్టాండు గంట! రోడ్డవతల నేను నొక్కేది, ఇన్నేళ్లుగా అది తల వంచుకుని వింటున్నది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రాగంతోనే సాధన చేసింది, అన్నం తింటూ, మెట్లెక్కుతూ, పూల్ అడుగున మాస్టారు వేసిన గోలీకాయలు ఏరుతూ. బల్ల దగ్గర మాత్రం తీయదు. బల్ల దగ్గర ఈక రాజ్యమే.

ఓడ మీద నాకు ఆశ పోయిందనుకోకండి, పోలేదు. బస్సులో కూర్చున్నాక కూడా ఆ దారి చీలే చోట తల తిప్పి అటే చూశాను. టిక్కు గమనించింది. మా ఆయన ముందు సీట్లో ప్లాస్టిక్ సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

చప్పిడి రేవు నేను పెట్టిన పేరుకి తగ్గట్టే ఉంది. పొడుగ్గా ఇసుక, పడవలు కట్టే నాలుగు గుంజలు, తలుపేసిన ఒక షెడ్డు. మబ్బు పట్టింది గానీ నీళ్లు ఊరికే పడి ఉన్నాయి. మా ఆయన చెప్పులు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ముందు, మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెనక. మోకాలు, నడుము, మెడ. తల మునగ్గానే నా పక్కన మొదలైంది, టింగ్-టాంగ్-టింగ్. పీల్చడానికి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. నీళ్లలో ఎటునుంచి వస్తోందో తెలియదు, నా తలలోనే మోగుతున్నట్టుంది.

ఆకుపచ్చటి మసక. ఇసుక. గడ్డి అటూ ఇటూ ఊగుతోంది. ఇంకా ఇసుక. జన్మలో మొదటిసారి సముద్రం అడుగున ఉన్నాను, అయినా నేను సముద్రాన్ని చూడ్డం లేదు. టిక్కు నోటి దగ్గర బుడగల్నే చూస్తున్నాను. వస్తున్నాయా, వస్తున్నాయి. వినబడుతోందా, వినబడుతోంది. ఇలా ఎంత దూరం వెళ్లామో తెలీదు. మాస్టారు కాళ్లకి తొడుక్కున్న రబ్బరు ఫిన్స్ ముందు మసకలో కనబడుతూ మాయమవుతూ ఉన్నాయి.

అప్పుడు టిక్కు నా చెయ్యి వదిలింది. గడ్డిదుబ్బు ముందు మోకాళ్ల మీద వంగింది. ఏముందా అని నేనూ వంగాను. చిటికెన వేలి గోరంత రొయ్య. ఒళ్లంతా గాజు. దాని లోపల ఉన్నదంతా బయటికి కనబడుతోంది, ఎర్రటి చుక్క ఒకటి టకటకా కొట్టుకుంటోంది. వెనక మూత తీసిన వాచీ లాగే ఉంది. ఓరి భగవంతుడా, ఏమీ లేని చోటు అని ఇంత దూరం వస్తే, దీని కళ్లకి సరిగ్గా ఇదే దొరకాలా!

రాగం ఆగిపోయింది.

బుడగలు లేవు. దాని భుజాలు షాపులో చూసినట్టే బిగుసుకుపోయి ఉన్నాయి. కొట్టాలి, తట్టాలి, సిలిండర్ మీద ఠంగ్‌మనిపించాలి అని నాకు తెలుసు, చెయ్యి లేవడం లేదు. గుడ్లప్పగించి దాన్నే చూస్తున్నాను. పీల్చవే. పీల్చు తల్లీ. ఒక్కసారి. ఇంతలో దాని కింద ఇసుక దూరమవడం మొదలైంది. టిక్కు చిన్నదవుతోంది. గడ్డి చిన్నదవుతోంది. మునిగిపోతోంది నా పిల్ల అనుకున్నాను.

టింగ్, అని వినబడింది. టాంగ్-టింగ్. అది పీల్చుకోవడానికి ఆగిందంతే, మళ్లీ అందుకుంది. బుడగలు గుంపుగా నా మొహం మీంచి వెళ్లాయి. టిక్కు తల ఎత్తి పైకి చూసింది. రొయ్యని, గడ్డిని వదిలేసి ఒక్క ఊపున వచ్చి నా చీలమండ పట్టుకుంది. కిందికి లాగింది. ఇసుక మీద మోకాళ్లు ఆనేదాకా లాగి, మొహంలో మొహం పెట్టి, రెండు వేళ్లతో నా గుండె మీద టక్ టక్ అని కొట్టింది. ఆగిపోయిన వాచీని కొడుతుందే, అచ్చం అలాగే.

అప్పుడు తెలిసింది. ఊపిరి బిగబట్టింది నేను. పైకి తేలిపోతున్నది నేను.

వదిలాను. భళ్లున పోయింది. పీల్చాను. మాస్క్ లోపల కళ్లు మసకబారాయి. టిక్కు నా రెండు చేతులూ పట్టుకుని రాగం తీస్తూనే ఉంది, తల ఊపుతూ, నువ్వూ తియ్యి అన్నట్టు. రోజూ మైకులో ఊరంతా వినేలా అరిచేదాన్ని, ఆ మూడు ముక్కలూ అనడానికి నాకు గొంతు పెగల్లేదు. చివరికి ఎలాగో ఊఁ అన్నాను. మాస్టారు వెనక్కి వచ్చేసరికి ఇద్దరం ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చుని బస్టాండు గంట మోగిస్తున్నాం. ఇసుక పట్టుకుని, రాగం ఆపకుండా, పాక్కుంటూ ఒడ్డుకి వచ్చాం.

మా ఆయన చెప్పులు పట్టుకుని నీళ్లదాకా ఎదురొచ్చాడు. "ఏముంది అక్కడ? ఏం కనబడింది?"

"రొయ్య" అన్నాను. 

"రొయ్యా! దీనికోసమా పగలంతా నా కడుపు చేత్తో పట్టుకుని వచ్చాను?"

టిక్కు సిలిండర్ దింపుకుని నా పక్కన ఇసుకలో కూర్చుంది. మాస్క్ అచ్చు మొహం చుట్టూ ఎర్రగా పడి ఉంది. నాకు మాత్రమే వినబడేలా, "వదినా, ఓడకి ఇప్పుడే వద్దు" అంది.

"నిన్ను అడిగానా నేను?"

"ఊపిరి ఆపే అలవాటు నీకు కూడా వచ్చింది. అక్కడైతే నేను నిన్ను అందుకోలేకపోయేదాన్ని." తడి చేత్తో నా మొహం మీది జుట్టు వెనక్కి తోసింది. "మళ్లీ ఇక్కడికే వద్దాం. నీకు బాగా వచ్చేదాకా."

నాకా! నాకు చెబుతోందా ఇది! నోరు తెరిచాను, తిట్టడానికే తెరిచాను. గుండె మీద ఆ రెండు వేళ్లు కొట్టిన చోటు ఇంకా తెలుస్తోంది.

"సరే" అన్నాను.

నేను ఎదురు చెప్పకుండా సరే అనడం మా ఆయన పెళ్లయ్యాక ఎప్పుడూ విన్నట్టు లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.